ఎర్ర ఫ్రిజ్‌లో అడుగు అర

వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఒక బంకుకొట్టు. వేలాడే అరటిగెల, చిప్స్ దండలు, గాజు సీసాల్లో వేరుశనగ ఉండలు, పక్కనే నిలువెత్తు ఎర్ర ఫ్రిజ్. దాని నెత్తిన తెల్లటి వంకర అక్షరాల్లో కోకాకోలా పేరు. తలుపు తీస్తే మాత్రం పై అర నిండా థమ్సప్. రెండో అరలో సగం థమ్సప్, మిగతా సగం స్ప్రైట్. ఆ కింద మాజా, నీళ్ళ సీసాలు. కోకాకోలా ఏదని వెతికితే అడుగు అరలో నాలుగు సీసాలు మూలకు నక్కి ఉన్నాయి.

"ఏంది పెద్దమ్మా, ఫ్రిజ్ మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు?" అన్నాను.

"ఫ్రిజ్జు కంపెనీ వోళ్ళు ఇచ్చిందబ్బయా. వొచ్చేవోళ్ళు అడిగేది థమ్సప్పు. నన్నేం జెయ్యమంటావు?"

ఆవిడకు ఇందులో వింతేమీ లేదు. నాకు మాత్రం ఇది పాత చిక్కుముడి. థమ్సప్ కూడా కోకాకోలా సొత్తే. 1993లో డబ్బు పోసి కొనుక్కుంది. పోటీదారుణ్ణి కొనేసినవాడు మామూలుగా చేసే పని వాణ్ణి మూలన కూర్చోబెట్టడం. ఇక్కడ తను తెచ్చిన ఫ్రిజ్‌లో తనే మూలన కూర్చుంది. అట్లాంటాలో పుట్టిన అంత పెద్ద కంపెనీకి మన రోడ్డు పక్కన ఈ గతి ఎలా పట్టింది?

మొదట పట్టుకోవలసింది ఒక సంవత్సరాన్ని. 1977. అంతకుముందు మన దేశంలో కోకాకోలా దర్జాగా అమ్ముడయ్యేది. 1973 నాటి ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం విదేశీ కంపెనీలను ఇక్కడి వ్యాపారంలో వాటా 40 శాతానికి తగ్గించుకోమంది. జనతా ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పట్టు బిగించాడు. వాటాతో పాటు తయారీ గుట్టు కూడా ఇక్కడి కంపెనీ చేతికి రావాలన్నారు. గుట్టు చెప్పడం కన్నా దేశం వదిలిపోవడమే నయమనుకుని కోకాకోలా మూటాముల్లె సర్దుకుంది.

ఖాళీ అయిన పీట కోసం ముఖ్యంగా ముగ్గురు దిగారు. సర్కారువారి డ్రింకు 'డబుల్ సెవెన్'. ఆ ఏడాది అంకెలే దానికి పేరు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ రుచి కూర్చింది, మోడర్న్ ఫుడ్ ఇండస్ట్రీస్ అమ్మింది. ప్రభుత్వం వండిన కూల్‌డ్రింకు ఎన్నాళ్ళు బతుకుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. రెండోది కాంపాకోలా. అంతకుముందు కోకాకోలా సీసాలు నింపిన ప్యూర్ డ్రింక్స్ వాళ్ళదే అది. మూడోది బొంబాయి పార్లే నుంచి రమేశ్ చౌహాన్ తెచ్చిన థమ్సప్. ఇంగ్లీషు పేరులో ఒక 'బి' అక్షరం ఎగిరిపోయిందని చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మనకు ఆ బాధ లేదు. తెలుగులో రాసేటప్పుడు ఆ 'బి' ఎప్పుడూ లేదు, పలికేటప్పుడు అసలే లేదు.

1977 నుంచి 1993 దాకా లెక్కేస్తే పదహారేళ్ళు. ఆ కాలంలో పుట్టి పెరిగిన పిల్లవాడి నాలుక కోకాకోలా ఎరగదు. వాడికి నల్లటి డ్రింకంటే థమ్సప్పే. చాలామంది ఇక్కడితో కేసు మూసేస్తారు. నాకు అది చాలదనిపిస్తుంది. అలవాటు ఒక్కటే కారణమైతే 1990లో 'లెహర్ పెప్సీ' పేరుతో దిగిన కంపెనీకి ఈ దేశంలో చోటే దొరక్కూడదు. దొరికింది కదా.

అందుకని సీసా లోపలికి చూడాలి. నా చిన్నప్పుడు నెల్లూరు బస్టాండులో కుర్రాళ్ళు కేసు భుజాన వేసుకుని, ఓపెనర్‌ను సీసాల మెడల మీదుగా టిర్ర్‌ర్‌మని లాగుతూ బస్సు కిటికీల పక్కన పరిగెత్తేవాళ్ళు. ఆ చప్పుడుకే నోరూరేది. మా నాన్న ముగ్గురు పిల్లలకూ కలిపి ఒక సీసా కొనేవాడు, మూడు స్ట్రాలు. సీసా చల్లగా ఉండేది కాదు. తడి గోనె కప్పి ఉంచితే ఎంత చల్లబడుతుందో అంతే. ఈ కోస్తాలో ఐసు తయారైతే ముందు చేపలకూ రొయ్యలకూ పోతుంది, మనుషుల డ్రింకులకు మిగిలింది మిగిలినట్టు. అయినా ఆ వెచ్చటి సీసాలోంచి మొదటి గుక్క గొంతులో దిగితే గ్యాసు ముక్కులోకి తన్నేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మా అన్న రెండో గుక్క నాకు ఇవ్వకుండా గబగబా లాగేసేవాడనుకోండి, అది వేరే కేసు.

నా లెక్కలో గట్టి ఆనవాలు ఇదే. డ్రింకు వేడెక్కేకొద్దీ అందులో గ్యాసు నిలవదు, మూత తీయగానే పారిపోతుంది. పైగా వెచ్చబడ్డ తీపి నాలుక మీద మరింత తీపిగా తగిలి మొహం మొత్తుతుంది. కోకాకోలా మంచులో ముంచి తాగాల్సిన సరుకు. ఫ్రిజ్‌లు నిండిన అమెరికాలో అది తప్పు కాదు. థమ్సప్‌లో తీపి తగ్గించి గ్యాసు, ఘాటు పెంచారు. కరెంటు పోయే ఊళ్ళో, ఐసు పెట్టె లేని కొట్లో కూడా అది డ్రింకులాగే ఉంటుంది, పానకం అయిపోదు.

ఆ ఘాటుకు మన గొంతు ముందే తయారై ఉంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు పొందిన గోలీ సీసా తన సొంత దేశంలో ఎప్పుడో మాయమైంది. మన ఊళ్ళల్లో తిష్ఠ వేసింది. లోపలి గ్యాసే గోలీని పైకి తన్ని రబ్బరు వాషరుకు అదిమి ఉంచుతుంది. వేలితో కిందికి నొక్కితే బుస్సుమంటుంది. భోజనం అరగకపోతే నిమ్మకాయ పిండి ఉప్పేసిన సోడా తాగి త్రేన్చడం మనవాళ్ళ వైద్యం. గోదావరి సీమలో రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు వాళ్ళు 1919 నుంచీ గ్యాసు డ్రింకుల మీదే నిలబడి ఉన్నారు. చేపల పులుసు అన్నం దిట్టంగా తిన్న నెల్లూరు మనిషికి కూల్‌డ్రింకంటే దాహం తీర్చేది కాదు, కడుపు తేలిక చేసేది. అట్లాంటా పుస్తకాల్లో ఈ పద్దు ఉండి ఉండదు.

ఇప్పుడు 1993కు వద్దాం. కోకాకోలా ఆగ్రాలో మళ్ళీ అడుగుపెట్టింది. పార్లే నుంచి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజా పేర్లు కొన్నది. దాదాపు ఆరు కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అంత తొందరేమిటి? గాజు సీసా వ్యాపారం తెలిస్తే తొందర అర్థమవుతుంది. లోపలి డ్రింకు కన్నా సీసా ఖరీదు. ఒక సీసా కొట్లో, ఒకటి లారీలో, ఒకటి ఫ్యాక్టరీలో కడగడానికి తిరుగుతుండాలి. కొత్తగా వచ్చినవాడు ఒక్క గుక్క అమ్మకముందే లక్షల సీసాలు నేల మీద పరచాలి. పార్లేకు ఊరూరా సీసాలు నింపే ఫ్రాంచైజీలు, కేసులు, లారీలు, కొట్లతో ఖాతాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొన్నది ఆ దారిని. దారితో పాటు థమ్సప్ వచ్చింది.

ఆ తరవాత కొన్నేళ్ళు థమ్సప్ ప్రకటనలు పలచబడ్డాయి, డబ్బంతా కోకాకోలా మీద పెట్టారు. మొక్కకు నీళ్ళు మానేస్తే అదే ఎండుతుందనుకున్నారు. ఎండలేదు సరికదా, దాని నీడ పెప్సీకి దక్కేలా కనిపించింది. థమ్సప్ దొరకనివాడు కోకాకోలా దగ్గరికి రావాలని రూలేం లేదు, పెప్సీ దగ్గరికీ పోవచ్చు. ఈ పాఠం అట్లాంటా అప్పటికే ఒకసారి చదివింది. 1985 ఏప్రిల్ 23న పాత రుచి తీసేసి కొత్త కోక్ తెస్తే అమెరికా జనం తిరగబడ్డారు, 79 రోజులకే పాతదాన్ని వెనక్కి తేవలసొచ్చింది. సొంత ఇంట్లో నేర్చుకున్నది మన ఇంటికొచ్చేసరికి మర్చిపోయారు. తొంభైల చివరికి గుర్తొచ్చింది. థమ్సప్‌ను మగవాళ్ళ ఘాటు డ్రింకుగా మళ్ళీ ముస్తాబు చేసి వదిలారు.

అనుమానం ఉంటే గోల్డ్‌స్పాట్‌ను అడగండి. అదే బేరం, అదే ఏడాది, అదే యజమాని. దాన్ని ఆపేసి ఫాంటా పెడితే కాస్త నిట్టూర్చి ఊరుకున్నాం. నారింజ రంగు తీపి ఎవడు పోసినా ఒకటే. నల్లది అలా కాదు.

సినిమా హీరోల వల్లే ఇదంతా అంటారు కొందరు. అదొక తప్పుదారి ఆనవాలు. చిరంజీవి థమ్సప్ పట్టుకున్న కాలంలోనే తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీ పట్టుకున్నాడు. ఒకే ఇంట్లో రెండు సీసాలు! ఆ తరవాత మహేశ్‌బాబు థమ్సప్ కోసం గోడలు దూకాడు. అమ్మకం ఎక్కడుందో చూసుకునే కంపెనీలు హీరోలను వెతుక్కుంటాయి. ఫ్యాక్టరీ దగ్గర్లో ఉంటే సరుకు పోతుందన్న మాటా అంతే. ఇదే రోడ్డు మీద దక్షిణంగా పోతే తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడ వస్తుంది. 2015లో పెప్సీ అక్కడ మన దేశంలోని తన ఫ్యాక్టరీలన్నిటిలోకీ పెద్దది తెరిచింది, అప్పటి పెప్సీ అధినేత ఇంద్రా నూయీ వచ్చి ప్రారంభించింది. పెద్దమ్మ పై అర మాత్రం కదల్లేదు. 2021లో థమ్సప్ అమ్మకాలు ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటాయని కోకాకోలాయే గర్వంగా చెప్పుకుంది. చంపబోయిన బిడ్డే ఇంటికి పెద్ద కొడుకైంది.

ఇంకో ఆనవాలు మొన్నమొన్నటిది. రిలయన్స్ పాత కాంపాను 2022లో కొని, 2023 మార్చిలో మళ్ళీ బజార్లోకి వదిలింది. దేశమంతా ఉండగా మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో. 200 మిల్లీలీటర్ల సీసా పది రూపాయలకు పెట్టింది. 2003 ప్రాంతంలో కోకాకోలా చిన్న సీసా ఐదు రూపాయలకు పెట్టి పల్లెలు పట్టిన పాచికే, పేరు మారింది. నల్ల డ్రింకు అమ్మాలనుకునేవాడు ఎక్కువ తాగేచోటే ముందు కొట్టు తెరుస్తాడు.

నేను లేవబోతుంటే కృష్ణపట్నం రేవు వైపు నుంచి లారీ వచ్చి ఆగింది. బొగ్గు దుమ్ముతో నల్లబడ్డ క్లీనర్ కుర్రాడు దిగి, "పెద్దమ్మా, థమ్సప్ ఇయ్యి" అన్నాడు.

"పది రూపాయలదా?"

"ఆఁ, అదే."

ఆవిడ ఎర్ర ఫ్రిజ్ తెరవలేదు. పక్కనున్న థర్మాకోల్ పెట్టెలో చెయ్యి పెట్టి కాంపా తీసి ఇచ్చింది. వాడు పేరు చూడలేదు. మూత తిప్పి సగం ఒక్క గుక్కలో దించి, గట్టిగా త్రేన్చి, లారీ ఎక్కేశాడు.