తుంగభద్రకు ఇరుగట్ల రూపాయి

మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనూ, ఆ తరువాతా జర్మనీ, ఆస్ట్రియాలలో చిన్న పట్టణాలు సైతం అత్యవసర నోట్లు అచ్చు వేసుకొన్నాయి. బళ్లారి మునిసిపాలిటీకి అటువంటి వీలు లేదు. బ్రిటిష్ ఇండియాలో నోట్లు జారీచేసే హక్కును 1861 నాటి చట్టం ప్రభుత్వానికే పరిమితం చేసింది. యుద్ధంలో వెండి ధర పెరిగి నాణేలకు ఎద్దడి రాగా, 1917 నవంబరు 30 తేదీతో రూపాయి నోటు, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు వెలువడ్డాయి.

ఆవలి గట్టు సంగతి వేరు. 1800లో నిజాము బళ్లారి సీమను కంపెనీకి ఇచ్చివేశాడు. రాయచూరు సీమ 1853-60 మధ్యకాలం తప్ప ఆయన వంశం ఏలుబడిలోనే ఉంది. సొంత నాణెం నిలుపుకొన్న హైదరాబాదు 1918లో చట్టం చేసి సొంత నోట్లు కూడా తెచ్చింది. అందుచేత కంప్లిలో చెల్లేది ఒక కాగితం, ఏరు దాటితే గంగావతిలో చెల్లేది మరొకటి.

అంతకుముందూ రెండు రూపాయలున్నాయి. ఇటు కలదారు, అంటే యంత్రం మీద ముద్రించినది. అటు హాలీ సిక్కా, అంటే ప్రస్తుతం చెల్లే నాణెం. కలదారు 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. హాలీ 11.18 గ్రాములు, 81.8 పాళ్లు. ఏడు హాలీలకు ఆరు కలదార్లన్న మారకం ఈ వెండి నిష్పత్తికి దాదాపు సరిపోతుంది. తూచి చూస్తే తేలే లెక్క అది, చదువు అక్కరలేదు.

కాగితానికి తూకం లేదు. దాని విలువ రాతలో ఉంది. రెండు గట్ల రూపాయి బిళ్లల మీదా తెలుగు లేదు. నోట్ల మీద మాత్రం ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదు సైతం తన నోటుపై తెలుగు, కన్నడ, మరాఠీలలో విలువ రాయించింది. అంతకు కొన్నేళ్ల ముందే వచ్చిన బ్రిటిష్ అణా బిళ్ల మీద తెలుగు చోటు చేసుకోవడమూ ఇందుకు సాక్ష్యమే: అది వెండి కాదు, రాగి, నికెల్‌ల మిశ్రమం. లోహం హామీ తగ్గినచోట ప్రభుత్వానికి ప్రజల భాష అవసరమైంది. దీన్ని భాషాభిమానంగా పొరబడరాదు. నమ్మకం కోసం చేసిన పని ఇది.

1953లో బళ్లారి మైసూరుకూ, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ చెందాయి. 1956లో రాయచూరు మైసూరులో కలిసింది. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ముగిసింది. ప్రజలు భాషల వారీగా విడిపోతున్న ఆ దశకంలోనే డబ్బు ఒక్కటైంది. ఆ ఒక్క నోటు మీద నేటికీ తెలుగూ కన్నడమూ ఒకే పట్టీలో ఉన్నాయి.