కోర్టు మన ఊరికి ఎప్పుడొచ్చింది? మా పెద్ద తాత చెయ్యి, నా కాలు

పోయిన ఎపిసోడ్‌లో నేను నడిచొచ్చిన తీరు చూసి చాలా మంది అడిగారు, "అన్నా, కాలుకేమైంది?" అని. ఈ రోజు అదే చెప్తా. కానీ నా కాలు కథ చెప్పాలంటే ముందు మా పెద్ద తాత చెయ్యి కథ చెప్పాలి. ఈ రెండిటి మధ్య 45 ఏళ్ళ తేడా ఉంది. ఆ 45 ఏళ్ళలో మన దేశంలో ఒక పెద్ద మార్పు జరిగింది. దాని గురించి స్కూల్లో మనకెవరూ చెప్పలేదు.

మాది జడ్చర్ల పక్కన పల్లె. పాలమూరు కూలీల గురించి మీకు తెలిసే ఉంటుంది. నల్లగొండలో నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాది రాయి వేసింది 1955 డిసెంబర్ 10న. ఆ డ్యాం మట్టి పనుల్లో, రాతి పనుల్లో మనోళ్ళున్నారు. ఆ తర్వాత దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు గుంపు ఉంటుందనే పేరొచ్చింది. గుంపు మేస్త్రీ ఊర్లోకి వస్తాడు, అడ్వాన్స్ ఇస్తాడు, లారీ ఎక్కిస్తాడు. ఆ బాకీ తీరేదాకా పని చెయ్యాలి.

మా పెద్ద తాత అట్లనే పోయిండు. 1978, మహారాష్ట్రలో ఒక డ్యాం పని. అప్పుడాయనకు 26 ఏళ్ళు, ఇప్పుడు నాకున్నన్ని. బండలు పేల్చేటప్పుడు రాయి వచ్చి కుడి చేతి మీద పడ్డది. నాలుగు వేళ్ళు పోయినయి. మేస్త్రీ ఏం చేసిండంటే, మిగిలిన బాకీ మాఫీ చేసి, చేతిలో 200 రూపాయలు పెట్టి ఇంటికి పంపిండు. తాత ఇంతకాలం దాన్ని మేస్త్రీ మంచితనం అనే చెప్పేవాడు.

నేను కూడా అట్లనే అనుకున్నా. ఆ కాలంలో చట్టాలెక్కడివి, పేదోళ్ళకు ఎవరున్నారు అని. తప్పు. చట్టం ఉంది. పని చేస్తుండగా దెబ్బ తగిలిన కూలీకి యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం చేశారు. పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్. ఏ వేలు పోతే సంపాదించే శక్తిలో ఎన్ని శాతం పోయినట్టో అందులో ఒక పట్టికే ఉంది. మా తాత చేతికి ఆ పుస్తకంలో లెక్క రాసిపెట్టి ఉందన్నమాట.

మరి ఎందుకు రాలేదు? ఒక్క లైన్ వల్ల. దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? ప్రమాదం జరిగిన ప్రాంతానికి ఏ కమిషనర్ ఉంటే ఆయన ముందు. అంటే జడ్చర్లలో మంచం మీద ఉన్న మనిషి, తెలుగు తప్ప ఇంకో భాష రానోడు, మళ్ళీ మహారాష్ట్ర పోవాలి. అక్కడ వకీలును పెట్టుకోవాలి. వాయిదా పడ్డప్పుడల్లా బస్సు ఛార్జీ పెట్టుకొని పోవాలి. 200 రూపాయలతో ఇదంతా అయ్యే పనేనా?

ఆ లైన్ పెట్టినోళ్ళు దుర్మార్గులని నేనను. సాక్షులు అక్కడే ఉంటారు, కాగితాలు అక్కడే ఉంటాయి, విచారణ కూడా అక్కడే జరగాలి అన్నది పాత న్యాయ లాజిక్. మనిషి పుట్టిన ఊరిలోనే బతికిన రోజుల్లో అది సరిపోయేది. కానీ లారీ ఎక్కి బతుకుదెరువుకు పోయేటోడికి అదే లాజిక్ తలుపు మూసేసింది.

ఇక నా కథకొద్దాం. 2023 డిసెంబర్. అప్పుడు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. నలుగురు దోస్తులం థాయ్‌లాండ్ పోయినం. ఒక ఇండియన్ కంపెనీ యాప్‌లో ప్యాకేజీ, ఒక్కొక్కరికి 62 వేలు. విమానం, హోటల్, క్రాబీలో దీవుల బోట్ ట్రిప్ అన్నీ కలిపి. చివర్లో ట్రావెల్ ఇన్సూరెన్స్ అని ఒక టిక్ ఉండె. కొన్ని వందలు మిగులుతాయని ఆ టిక్ తీసేసిన. నా జీవితంలో అతి ఖరీదైన క్లిక్ అదే.

బోట్ దిగే నిచ్చెనకు ఒక మెట్టు లేదు. తడి. కాలు జారి చీలమండ విరిగింది. అక్కడి ఆసుపత్రిలో కార్డు గీకి కట్టు కట్టించుకున్నా. ఇంటికొచ్చాక ఆపరేషన్, ప్లేటు, స్క్రూలు. నాయిన పత్తి అమ్మిన పైసలు అందులోనే పోయినయి. మూడు నెలలు మంచం. ఆ మధ్యలోనే జాబ్ కూడా పోయింది.

కంపెనీకి మెయిల్ పెడితే జవాబు రెండు లైన్లు. బోటు నడిపేది అక్కడి వాళ్ళు, మాకు బాధ్యత లేదు. వివాదం ఏదైనా ఉంటే మా షరతుల ప్రకారం మా సిటీలోనే ఆర్బిట్రేషన్‌కు రావాలి. ఆ సిటీ మనకు వేరే రాష్ట్రం. హైదరాబాద్‌లో ఒక లాయర్‌ను అడిగితే ముందు 75 వేలు అన్నాడు, ప్రయాణ ఖర్చులు వేరే. థాయ్‌లాండ్‌లో కేసు అంటే థాయ్ లాయర్, థాయ్ భాష, ఇక ఆ లెక్క నేను వెయ్యనే లేదు.

మంచం మీద ఉండి ఆలోచిస్తుంటే అర్థమైంది. నాది మా తాత కేసే. దెబ్బ తగిలింది ఒక దగ్గర, బలమున్నోడు ఇంకో దగ్గర, నేను మూడో దగ్గర. తాతకు మేస్త్రీ చెప్పిన మాటే నాకు ఇంగ్లీషు మెయిల్‌లో వచ్చింది. తేడా ఒక్కటే, నా చేతిలో ఫోనుంది. చదవడం మొదలుపెట్టిన. అక్కడ దొరికిందే ఈ ఎపిసోడ్.

"కేసు ఎక్కడ వెయ్యాలి" అన్న ఆ లైన్ మన దేశంలో చట్టం వెంట చట్టంలో మారుతూ వచ్చింది.

మొదటిది రోడ్డు ప్రమాదాలు. మోటారు వాహనాల చట్టం కింద పరిహారం అడగాలంటే ప్రమాదం జరిగిన చోటే అడగాలని ఉండేది. 1994 సవరణతో బాధితుడు నివసించే చోట కూడా వెయ్యొచ్చు అని మార్చారు.

రెండోది మా తాత చట్టం. 1995 సెప్టెంబర్ 15 నుంచి, కార్మికుడు గానీ ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు గానీ మామూలుగా ఉండే ఊరి కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టొచ్చని మార్చారు. 1923 నుంచి 1995. ఆ లైన్ మారడానికి 72 ఏళ్ళు పట్టింది. అదే సవరణలో ఇంకో మాట చేర్చారు. ఇండియాలో రిజిస్టరైన కంపెనీ పనికోసం విదేశానికి పంపిన మనిషి కూడా ఈ చట్టం కిందికి వస్తాడని. గల్ఫ్ పోయేవాళ్ళలో ఎక్కువ మందికి యజమాని అక్కడి కంపెనీయే కాబట్టి వాళ్ళకిది అందదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్ళకు 2003లో ప్రవాసీ భారతీయ బీమా వచ్చింది. ఇప్పుడు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా అందులో 10 లక్షల కవర్ ఉంది. మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఆ పాలసీ కాగితం ఫొటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి.

మూడోది విమానం. 1929 వార్సా ఒప్పందం ప్రకారం ఎయిర్‌లైన్ మీద కేసు నాలుగు చోట్లే వెయ్యొచ్చు: కంపెనీ నివాసమున్న దేశం, దాని ప్రధాన ఆఫీసు ఉన్న చోటు, టికెట్ కొన్న దాని ఆఫీసు ఉన్న చోటు, ప్రయాణం ముగిసే చోటు. ప్రయాణికుడి ఇల్లు ఆ లిస్టులో లేదు. 1999 మాంట్రియల్ ఒప్పందంలో ఐదో చోటు చేర్చారు. గాయమైనా, మరణమైనా ప్రయాణికుడు శాశ్వతంగా ఉండే దేశంలో కూడా వెయ్యొచ్చు, ఆ ఎయిర్‌లైన్‌కు అక్కడ సర్వీసు, వ్యాపారం ఉంటే. 2009లో ఇండియా అందులో చేరింది. గడువు రెండేళ్ళు. విమానంలో గానీ, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు గానీ దెబ్బ తగిలితే ఇది పనికొస్తుంది.

నాలుగోది నన్ను కాపాడింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టంలో కంపెనీ ఉన్న చోటో, దాని బ్రాంచి ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో ఫిర్యాదు చెయ్యాలి. యాప్‌లకు మన దగ్గర బ్రాంచి ఎక్కడుంటుంది? అందుకే 2019లో కొత్త చట్టం తెచ్చారు, 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చింది. దాంట్లో 34వ సెక్షన్ చెప్పేదేంటంటే, ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట వెయ్యొచ్చు. అంటే నాకు మహబూబ్‌నగర్. జడ్చర్ల నుంచి బస్సెక్కితే అరగంట.

మరి ఆర్బిట్రేషన్ షరతు? ఆ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018 డిసెంబర్‌లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అది ఇల్లు కొన్నోళ్ళ కేసు. కానీ నా 62 వేల ప్యాకేజీకీ అదే సూత్రం.

ఇప్పుడు డబ్బు సంగతి. కేసు దగ్గరికొచ్చింది సరే, లాయర్ ఫీజో? దీని చరిత్ర కూడా వినాలి. పేదలకు న్యాయ సహాయం ఎట్లా అందాలో జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1973లో నివేదిక ఇచ్చింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది, డబ్బు లేదని ఎవరికీ న్యాయం దూరం కాకూడదని. న్యాయ సేవల చట్టం 1987లో చేశారు, కానీ అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. గమనించారా? మళ్ళీ 1995. కూలీ కేసు సొంతూరికి రావడం, ఉచిత లాయర్ చట్టం అమలు కావడం, రెండూ రెండు నెలల తేడాతో జరిగినయి. మా తాతకు 17 ఏళ్ళు ఆలస్యంగా.

ఇప్పుడు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంది. ఫోన్ నంబర్ 15100. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వీళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి ఉంటుంది. నేను కర్ర పట్టుకొని పోయిన. నా జీతం కాగితాలు చూసి, "మీకు లాయర్‌ను ఇవ్వలేం సార్, కానీ కూర్చోండి" అన్నారు. మా చెల్లె జారిపడి ఉంటే ఇచ్చేవాళ్ళు. అయినా అక్కడ ఒకాయన ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పిండు. వినియోగదారుల కమిషన్‌కు లాయర్ తప్పనిసరి కాదు, ఎవరి కేసు వాళ్ళే వాదించుకోవచ్చు అని. ఫీజు మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మనం కట్టిన ధరను బట్టి. 5 లక్షల వరకు సున్నా. నాది 62 వేలు. సున్నా.

మార్చిలో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేసిన, అప్పుడు ఈ-దాఖిల్, ఇప్పుడు ఈ-జాగృతి. బుకింగ్ రసీదు, విరిగిన నిచ్చెన ఫొటో, అక్కడి ఆసుపత్రి బిల్లు, మెయిళ్ళు, ఒక అఫిడవిట్. ఆ నిచ్చెన ఫొటో నా దోస్తు తీసింది, నన్ను ఎక్కిరించడానికి తీసిండు. అదే నా పెద్ద సాక్ష్యం అయింది.

మొదటి వాయిదాకు పెద్ద తాత నాతో వస్తానన్నాడు. వద్దంటే వినలే. బస్సు దిగి, కమిషన్ ఆఫీసు మెట్ల కాడ ఆగి అడిగిండు.

"ఇంత దగ్గర్నా, బిడ్డా?"

"గింతే తాతా."

"నాది గూడ గిక్కడ ఏసుంటే?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఈ మెట్లు నీకు లేవు తాతా అని చెప్పాలంటే నోరు రాలే. ఆయన ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టుకొని నాకంటే ముందే పైకెక్కిండు.

తొమ్మిది నెలలు పట్టింది. నాలుగు సార్లు కంపెనీ వాయిదా అడిగింది. చివరికి సెటిల్‌మెంట్‌కొచ్చి రెండు ఆసుపత్రుల బిల్లులూ కట్టింది. పోయిన జాబ్‌కు, మూడు నెలల నొప్పికి ఏమీ ఇవ్వలే. ఇంకా కొట్లాడితే వచ్చేదేమో, కానీ నాయినకు విత్తనాల పైసలు కావాలె. ఒప్పుకున్నా. దాన్ని పెద్ద గెలుపు అని మీకు అమ్మను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఈ దారి తెరుచుకుంది ఎందుకంటే నేను ప్యాకేజీ కొన్నది ఇండియన్ కంపెనీ దగ్గర. అక్కడికి పోయాక బీచ్‌లో ఎవడి దగ్గరో స్కూటర్ అద్దెకు తీసుకొని పడితే, మన కమిషన్ ఆర్డర్ ఇచ్చినా వాడి దగ్గర వసూలు చేసేది ఎట్లా? అక్కడ ఇన్సూరెన్సే దిక్కు. కష్టంలో ఉంటే ఇండియన్ ఎంబసీకి ఫోన్ చెయ్యండి. 2009 నుంచి సంక్షేమ నిధి ఒకటి ఉంది, నిజంగా గతి లేనివాళ్ళకు వైద్యం, మొదటి దశ న్యాయ సహాయం అందులోంచి చేస్తారు. అందరికీ, అన్ని ఖర్చులకూ కాదు.

కాబట్టి దెబ్బ తగిలిన రోజే ఫొటోలు తీయండి, అక్కడి డాక్టర్ కాగితం ఇంగ్లీషులో అడిగి తీసుకోండి, రెండేళ్ళ గడువు మర్చిపోకండి. "మా సిటీలోనే కేసు" అని మెయిల్ వస్తే భయపడి వదిలెయ్యకండి. ఆ వాక్యం మా తాత కాలంలో నిజం. ఇప్పుడు చాలా వరకు కాదు.

తాత ఇప్పుడు మేస్త్రీ మంచోడని చెప్తలేడు. పోయిన వారం ఊరికి పోతే, పక్కింటి పిల్లగాడు ముంబై పనికి పోతున్నడని పిలిపించి, నా నోట 15100 చెప్పించి, వాడి ఫోన్‌లో సేవ్ చేయించిండు. పేరేం పెట్టాలె తాతా అని వాడడిగితే "కోర్టు" అని పెట్టమన్నడు.

మీరు కూడా సేవ్ చేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.