భారతదేశంలో క్లినికల్ సైకాలజీ: శిక్షణ, పరిశోధన, వృత్తి

మానసిక బాధలను, ప్రవర్తనలోని ఇబ్బందులను మాట, పరీక్ష, అభ్యాసం అనే సాధనాలతో గుర్తించి తగ్గించే మనోవిజ్ఞాన శాఖ క్లినికల్ సైకాలజీ. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మనోవిజ్ఞానంలో పీజీ చేసి, ఆ తరువాత ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ పని నేర్చుకున్న నిపుణుడు, మందులు రాయడు. మన దేశంలో ఈ శాఖ కలకత్తాలో తత్త్వశాస్త్రం పక్కన పుట్టింది, బెంగుళూరు మానసిక వైద్యశాలలో వృత్తిగా నిలదొక్కుకుంది, 1992 నాటి చట్టంతో నమోదు వృత్తి అయింది. ఎవరిని క్లినికల్ సైకాలజిస్టు అనాలి, ఎన్నేళ్లు ఎక్కడ నేర్చుకోవాలి అనే ప్రశ్నలు 2020 తరువాత మళ్లీ పైకి వచ్చాయి.

మనసును గురించిన ఆలోచన ఈ దేశానికి కొత్త కాదు. ఉపనిషత్తులు, బౌద్ధ అభిధర్మం, పతంజలి యోగసూత్రాలు, చరక సంహిత దాన్ని విస్తారంగా చర్చించాయి. ఆధునిక శిక్షణ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే మొదలైంది.

కలకత్తా దశ

కలకత్తా విశ్వవిద్యాలయంలో 1905లో బ్రజేంద్రనాథ్ శీల్ ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి తొలి పాఠ్యప్రణాళిక రాశారు. తత్త్వశాస్త్ర విభాగంలో ఉంటూనే ప్రయోగశాల కావాలని కోరిన దూరదృష్టి ఆయనది. మాజీ వైస్ చాన్సలర్ అశుతోష్ ముఖర్జీ అండతో 1916లో విడిగా శాఖ పని మొదలుపెట్టింది. దాన్ని నడపడానికి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డులో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడు. మున్‌స్టర్‌బర్గ్ లైప్జిగ్‌లో విల్హెల్మ్ ఊంట్ దగ్గర చదివినవాడు. ప్రపంచంలో మొదటిదిగా చెప్పే, ఊంట్ 1879లో పెట్టిన ప్రయోగశాలకు, కలకత్తాకు మధ్య ఇలా రెండే తరాల దూరం. 1923లో భారత సైన్స్ కాంగ్రెస్ మనోవిజ్ఞానానికి ప్రత్యేక విభాగం ఇచ్చింది. 1924లో ఇండియన్ సైకలాజికల్ అసోసియేషన్ ఏర్పడింది. తత్త్వశాస్త్రం నుంచి వేరుపడి విజ్ఞానశాస్త్రాల పంక్తిలో చేరడం ఆ రోజుల్లో చిన్న విజయం కాదు.

ఈ దశలో చికిత్సకు దారి వేసినవారు గిరీంద్రశేఖర్ బోస్ (1887–1953). వృత్తిరీత్యా వైద్యుడు. 1910లో వైద్య పట్టా పొంది, ప్రాక్టీసు చేస్తూనే కొత్త శాఖలో చేరి 1917లో ఎం.ఎస్‌సి. పూర్తిచేశారు. అణచివేత అనే భావన మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథానికి 1921లో డాక్టరేటు వచ్చింది. భారతీయ విశ్వవిద్యాలయం మనోవిజ్ఞానంలో ఇచ్చిన తొలి డాక్టరేటు అదే. ఆ పుస్తకాన్ని వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు పంపడంతో మొదలైన ఉత్తరాలు 1937 దాకా నడిచాయి. బోస్ ఫ్రాయిడ్ చెప్పినదాన్ని తలవంచి ఒప్పుకున్న శిష్యుడు కాడు. ప్రతి కోరిక వెనుకా దానికి ఎదురు కోరిక ఒకటి ఉంటుందని వాదించి, ఆ మేరకు చికిత్స పద్ధతిని కూడా మార్చుకున్నారు. ఫ్రాయిడ్ ఆ వాదాన్ని గౌరవంగా చదివాడు, పూర్తిగా ఒప్పుకోలేదు. 1922లో కలకత్తా పార్సీబగాన్ సందులోని తన ఇంట్లోనే బోస్ ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీని స్థాపించారు. ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఆ సంఘం 1931లో దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని పంపింది.

1933లో కార్మైకేల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో బోస్ మానసిక ఓపీ తెరిచారు. మానసిక రోగిని గోడల వెనక ఉంచడం తప్ప వేరే దారి తెలియని కాలంలో, జ్వరం వచ్చినవాడితో పాటు దిగులు పట్టినవాడూ అదే ఆసుపత్రికి నడిచి రావచ్చునన్నది ఈ దేశంలో అప్పటికి సాహసమే. అన్న రాజశేఖర్ బోస్ (పరశురామ్ పేరుతో రాసిన ప్రసిద్ధ బెంగాలీ రచయిత) ఇచ్చిన స్థలంలో 1940లో లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల మొదలైంది. పాఠం, పరిశోధన, చికిత్స మూడూ ఒకే గురువు దగ్గర దొరికిన అరుదైన కాలం అది.

ఇతర చోట్ల: 1924లో మైసూరులో చార్లెస్ స్పియర్‌మన్ శిష్యుడు ఎం.వి. గోపాలస్వామి శాఖను ప్రారంభించారు. 1940లలో మద్రాసు, పాట్నాలలో శాఖలు వెలిశాయి.

పాట్నా వైపు నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచ మనోవిజ్ఞానాన్నే కదిలించింది. 1934 జనవరిలో బీహారు భూకంపం తరువాత పుకార్లను సేకరించి జమునా ప్రసాద్ 1935లో ఒక వ్యాసం ప్రచురించారు. భూమి కంపించినా నష్టం జరగని ఊళ్లలో, ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందన్న పుకార్లు జోరుగా వ్యాపించాయి. అమెరికాలో మనోవిజ్ఞాని లియాన్ ఫెస్టింగర్ ఈ వ్యాసం దగ్గర ఆగిపోయాడు. మనిషి తన భయాన్ని పెంచే మాటనే ఎందుకు నమ్ముతాడు? అప్పటికే భయపడి ఉన్నవాడు ఆ భయానికి తగిన కారణం వెతుక్కుంటాడన్నది ఫెస్టింగర్‌కు తోచిన జవాబు. 1957 నాటి అతని జ్ఞానవైరుధ్య (కాగ్నిటివ్ డిసొనెన్స్) సిద్ధాంతానికి మొదటి మెట్టు అదే. దుర్గానంద్ సిన్హా డార్జిలింగ్ కొండచరియలు విరిగిన చోట పుకార్లను పరిశీలించి, నిజంగా నష్టం జరిగినచోట అలాంటి అతిశయోక్తులు రాలేదని 1952లో చూపారు. మన నేల మీది సంఘటన నుంచి మన పరిశోధకులు తీసిన ప్రశ్న ప్రపంచ పాఠ్యపుస్తకాలకు ఎక్కడం తరువాతి దశాబ్దాల్లో అరుదైపోయింది.

బెంగుళూరు: శిక్షణకు ఒక రూపం

దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించడానికి 1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక దేశంలో మానసిక వైద్య సిబ్బంది దాదాపు లేరని తేల్చి, శిక్షణ సంస్థ కావాలని సిఫారసు చేసింది. ఫలితంగా 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. ఎం.వి. గోవిందస్వామి తొలి డైరెక్టరు. 1955లో సైకాలజిస్టుల కోసం ‘మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ’ డిప్లొమా మొదలైంది. పీజీ అయినవారికి రెండేళ్ల పూర్తికాలపు కోర్సు. రాంచీలోని సంస్థ 1962లో ఇదే బాట పట్టింది. 1974లో బెంగుళూరు సంస్థ, పక్కనున్న మానసిక వైద్యశాల కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. డిప్లొమా కాలక్రమంలో ఎం.ఫిల్. అయింది.

పేరు మారినా పద్ధతి నిలిచింది. విద్యార్థి వార్డులో రోగి చరిత్ర తీసుకుంటాడు, బంధువులతో మాట్లాడతాడు, తెలివితేటల పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తాడు, నివేదిక రాసి సీనియర్ ముందు పెడతాడు. సీనియర్ దాన్ని తిప్పి పంపితే మళ్లీ రాస్తాడు. కేస్ కాన్ఫరెన్సులో సైకియాట్రిస్టులు, సోషల్ వర్కర్ల ప్రశ్నలకు నిలబడతాడు. తరగతి గదిలో రాని విద్య ఇలా వస్తుంది. దేశంలో ఈ వృత్తికి పరువు తెచ్చింది ఈ రెండేళ్ల కఠిన శిక్షణే. అయితే పర్యవేక్షకుడు ఉంటేనే విద్యార్థిని తీసుకోగలరు కనుక సీట్లు ఎప్పుడూ కొద్దిగానే ఉన్నాయి.

1968లో క్లినికల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ఏర్పడింది. 1970, 80లలో ప్రవర్తన చికిత్స వ్యాప్తిలోకి వచ్చింది, 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించారు.

తెలుగు నేల మీద

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను స్థాపించినవారు కోనేరు రామకృష్ణారావు (1932–2021). డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరామనోవిజ్ఞాన పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చారు. అతీంద్రియ శక్తుల పరిశోధనను చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. అయినా భారతీయ తత్త్వ చింతనను మనోవిజ్ఞానంగా చదవాలన్న ఆయన పట్టుదల వృథా కాలేదు. ఆనంద్ పరాంజ్పే, అజిత్ దలాల్‌లతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన 2008 నాటి భారతీయ మనోవిజ్ఞాన సంకలనం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

1960ల మధ్యలో హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు సాధన ప్రేరణ శిక్షణ ఇచ్చి ఫలితాలు కొలిచాడు. శిక్షణ హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో జరిగింది. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో వెలువరించిన పుస్తకం వల్ల కాకినాడ పేరు మేనేజ్‌మెంట్ విద్యార్థుల్లో చాలామందికి తెలిసింది. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ వచ్చింది. ఇక్కడ తయారైన ప్రవర్తన అంచనా స్కేళ్లు దేశమంతా ప్రత్యేక పాఠశాలల్లో వాడుకలో ఉన్నాయి. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైన తొలి జిల్లాల్లో మెదక్ ఒకటి. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి దిగులు, ఆందోళనలను గుర్తించే ప్రయోగాన్ని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 2010లలో నడిపింది.

కొలతల సమస్య

పరీక్ష లేనిదే క్లినికల్ సైకాలజిస్టుకు చేయి ఆడదు. బిడ్డకు వైకల్య ధ్రువపత్రం రావాలన్నా, పెద్దాయనకు మతిమరుపు ఎంత ముదిరిందో తేలాలన్నా పరీక్షే ఆధారం. భారతీయుల కోసం బినే తెలివితేటల పరీక్షను మార్చే ప్రయత్నం 1920లలో లాహోరులో హెర్బర్ట్ రైస్ చేశాడు. 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ రూపాలు తెచ్చారు. చదువు రాని పిల్లలకూ పనికొచ్చేలా సి.ఎం. భాటియా 1955లో చేతులతో చేసి చూపే పరీక్షలను కూర్చారు. నాగపూరులో మాలిన్ 1969లో వెక్స్లర్ పరీక్షకు భారతీయ రూపం ఇచ్చాడు. వీటిలో చాలావాటి ప్రమాణాలు పాతబడ్డాయి. అర శతాబ్దం కిందటి పిల్లల మార్కులతో నేటి పిల్లలను పోల్చడం న్యాయం కాదని వృత్తిలోని వారే అంటున్నారు. తెలుగులో పూర్తిగా ప్రమాణీకరించిన పరీక్షలు ఇంకా తక్కువ. ఇంగ్లీషు ప్రశ్నను అక్కడికక్కడే తెలుగు చేసి అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు. అప్పుడు వచ్చిన అంకెకు విలువ ఉండదు.

ఈ లోటు తీరితే ఎంత మేలో హైదరాబాదులోనే రుజువైంది. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తి పరీక్షలను స్థానిక భాషల్లోకి తెచ్చి 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించిందని 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించారు. చదువుకోనివారిలోనూ తేడా కనిపించడంతో, అది చదువు ఫలితమన్న అనుమానం నిలవలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరం కనుకే ఈ ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. ఇలాంటి పని విశ్వవిద్యాలయ శాఖల్లో ఎక్కువగా జరగడం లేదు. దగ్గరలోని కాలేజీ విద్యార్థులకు విదేశీ ప్రశ్నావళి పంచి సగటులు లెక్కించే సిద్ధాంత గ్రంథాలే ఎక్కువ. దుర్గానంద్ సిన్హా 1986లోనే ఈ అనుకరణ ధోరణిని గట్టిగా విమర్శించారు.

చట్టాలు, తాజా వివాదాలు

1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) చట్టం క్లినికల్ సైకాలజిస్టులను నమోదు పరిధిలోకి తెచ్చింది. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. పర్యవేక్షణతో కూడిన రెండేళ్ల ఎం.ఫిల్., లేదా ఆర్.సి.ఐ. గుర్తించిన అర్హత ఉన్నవారే క్లినికల్ సైకాలజిస్టు అని అది నిర్వచించింది. కౌన్సెలర్లు, ఇతర సైకాలజిస్టులు ఈ చట్రానికి బయటే ఉండిపోయారు. వారిని 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి తెచ్చారు. ఒకే రంగం రెండు సంస్థల మధ్య చీలడం నేటికీ గందరగోళానికి కారణం.

అదే సమయంలో నూతన విద్యావిధానం 2020 ఎం.ఫిల్. పట్టాను రద్దు చేసింది. 2022 నవంబరు నిబంధనలతో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) దాన్ని అమలు చేసింది. ఇతర శాఖల్లో ఎం.ఫిల్. పరిశోధనకు తొలిమెట్టు. ఇక్కడ అది వృత్తికి లైసెన్సు. ఆ తేడాను ఆలస్యంగా గుర్తించిన యు.జి.సి. 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లకు 2025–26 విద్యాసంవత్సరం వరకు ప్రవేశాలను అనుమతించింది. ప్రత్యామ్నాయంగా ఆర్.సి.ఐ. క్లినికల్ సైకాలజీలో బి.ఎస్‌సి. ఆనర్స్, ఎం.ఏ., సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) కోర్సులను ముందుకు తెచ్చింది. సీట్లు పెరుగుతాయని కొందరు స్వాగతించారు, వార్డులో గడిపే కాలం పలచబడుతుందని మరికొందరు ఆందోళన పడ్డారు. వారి ఆందోళన తోసిపుచ్చదగినది కాదు. 2025లో యు.జి.సి. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో మనోవిజ్ఞాన కోర్సులను ఆపించింది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఇది దెబ్బే అయినా, మనిషి ఎదుట కూర్చుని నేర్వాల్సిన విద్యకు సరైన నిర్ణయం.

అవసరం మాత్రం చాలా పెద్దది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, చాలా రుగ్మతల్లో 70 శాతానికి పైగా బాధితులకు చికిత్స అందడం లేదని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 లెక్కల్లో భారతదేశంలో లక్ష మందికి సైకాలజిస్టులు 0.07 మంది. గోవాలో శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో తీవ్ర డిప్రెషన్‌ను తగ్గించగలరని 2017లో ‘లాన్సెట్’ ప్రచురించిన పరిశోధన చూపింది. నిపుణుల కొరతకు ఇది ఒక దారి. వారికి పర్యవేక్షణ ఇవ్వాల్సింది మళ్లీ నిపుణులే.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలని ఆదేశించింది. కార్పొరేట్ కాలేజీలు, హాస్టళ్లు కిక్కిరిసిన తెలుగు రాష్ట్రాలకు ఇది అత్యవసరం.

చికిత్స కోరే పాఠకులు క్లినికల్ సైకాలజిస్టును ఆర్.సి.ఐ. నమోదు సంఖ్య అడిగి తెలుసుకోవచ్చు, అడగాలి కూడా. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులో కూడా, రోజంతా అందుబాటులో ఉంది.