ముదునూరు పాకలో పొయ్యి

కొత్త సమాజం కడదామని మగవాళ్లు అనగానే నాకు వచ్చే మొదటి అనుమానం పొయ్యిలోకి పుల్లలెవరు తెస్తారని! నవ్వకండి.

బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు గారు, అదే మన గోరాగారు, నాస్తికత్వం మూలంగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఉయ్యూరు దగ్గర ముదునూరు వాళ్లు రమ్మంటే పెళ్లాం బిడ్డలతో వెళ్లి, 1940 ఆగస్టు 10న నాస్తిక కేంద్రం పెట్టారు. మేడలూ మిద్దెలూ కావు, పాకలు. పెద్దవాళ్లకి చదువు, అన్ని కులాలకీ ఒకే బంతిలో భోజనం.

మరి జీతమో? ఆగిపోయింది. సరస్వతిగారికి అప్పటికి నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టిన లవణానికి పదేళ్లు నిండలేదు. యుద్ధం మొదలైన ఏడు పుట్టిన సమరం చంటివాడు. (పేర్లు చూశారా!) కాపురం ఊరి ఆదరణ మీదే సాగాలి. కులం లేదని ఉపన్యాసం గంటలో అయిపోతుంది. పదిమందినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టాలంటే ముందు ఎసరు మరగాలి కదా! ఆవిడ పుట్టిందేమో ఆచారం తప్పని ఇంట్లో. మడి విడిచిపెట్టడం మగవాడికి మాట, ఆడదానికి రోజూ రెండు పూటలా పని.

1942లో ఆవిడ పసివాడితో జైలుకీ వెళ్లారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకి మారింది. 1975లో గోరాగారు పోయాక పెద్దదిక్కు ఆవిడే. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు కేంద్రం వాళ్లు సాయానికి వెళ్లారు. అక్కడా ముందు కావలసింది పొయ్యే, గుక్కెడు మంచినీళ్లే.