పిల్లలకు మొదటి బోర్డు ఏది?

మన ముఖేడ్ పిల్లలు చేతిలో పట్టే గేమ్ మెషిన్ సొంతంగా చేస్తామంటున్నారు. ఏ బోర్డు కొనాలని పెద్దలు అడుగుతున్నారు.

1989లో నింటెండో గేమ్‌బాయ్ వచ్చినప్పుడు బోర్డు తయారీ కంపెనీల పని. 2005లో ఇటలీలో ఆర్డుయినో పుట్టాక అది మామూలువాళ్ల చేతికీ వచ్చింది. 2015లో రాస్ప్‌బెర్రీ పై జీరో 5 డాలర్లకే దొరికింది. చవకే, కానీ పిన్నులకు టంకం మనమే వేయాలి, మెమరీ కార్డులోకి సిస్టమ్ ఎక్కించాలి. కొత్త పిల్లాడు అక్కడే విసిగి అటక మీద పడేస్తాడు, డబ్బుతో పాటు ఉత్సాహమూ పోతుంది.

2021లో వచ్చిన పికోకి కార్డు గొడవ లేదు. కేబుల్ పెట్టి ప్రోగ్రాం ఎక్కించడమే. గేమ్‌బాయ్ వేగం 4 మెగాహెర్ట్జ్ పైచిలుకు, దీనిది 133! మెమరీ 264 కిలోబైట్లే, పెద్ద ఆటలు నడవవు. పాము ఆటకు అది బోలెడు. పిన్నులు ముందే అతికించిన పికో హెచ్ అడిగి తీసుకోండి. టంకం రెండో బోర్డు మీద నేర్పుదాం.