కందకుర్తి తీరమున పాటల మేళములు

గోదావరి తెలంగాణ భూమిని తొలుత స్పృశించు చోటు కందకుర్తి. నిజామాబాదు జిల్లా రెంజల్ మండలమున మహారాష్ట్ర పొలిమేరను ఆనుకొనియున్న ఈ గ్రామమువద్దనే మంజీరయు హరిద్రయు వచ్చి గోదావరిలో కలియుటచేత దీనికి త్రివేణీసంగమమను ప్రసిద్ధి కలిగినది. పుష్కరములకు వచ్చు యాత్రికులు స్నానఘట్టములను, వరదలో మునిగి వేసవిలో బయటపడు పాత శివాలయమును చూచి పోవుదురు. మరికొందరు రాష్ట్రీయ స్వయంసేవక సంఘ స్థాపకుడు కేశవ బలిరాం హెడ్గేవార్ పూర్వికుల గ్రామమని విని వత్తురు. ఈ తీరమున పాటకు గల చరిత్రను గూర్చి ఆరా తీయువారు మాత్రము అరుదు.

ఆ ఆరా నేడు అవసరమైనది. హైదరాబాదులోను, జిల్లా పట్టణములలోను కొందరు యువకులు గిటారును డ్రమ్ములను చేబట్టి, సినిమా నిర్మాతల ప్రాపు లేకయే తమ పాటలు తాము కట్టుకొని పాడుచు, ఇండీ బ్యాండులని పేరు పెట్టుకొనుచున్నారు. మీరెవరి పాటలు విని పెరిగితిరి, ఎవరి బాణీ మీకు అబ్బినది అని అడిగినచో వారు జమైకా దేశపు గాయకులను, అమెరికా గిటారు విద్వాంసులను పేర్కొందురు. పిదప కొంత తడుముకొని, ‘మా పల్లెపాటలు కూడ’ అందురు. ఆ ‘కూడ’ అనుదాని వెనుక వేయేండ్ల రాకపోకలున్నవి. రాజాశ్రయము లేని మేళము, తన వాద్యములు తానే మోసికొని, దారిలో దొరికిన రాగమునెల్ల తనదిగా చేసికొని, ఊరూర తిరిగి బ్రతుకుట ఈ సీమకు క్రొత్త గాదని చెప్పుటయే నా ఉద్దేశము.

కందకుర్తికి సమీపముననున్న బోధను ఒకనాడు వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని. ఆ వంశమువాడైన రెండవ అరికేసరి ఆస్థానముననే పంపకవి పదియవ శతాబ్దమున కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతపు కుర్క్యాలలో బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలసియున్నవి, తెలుగు కందపద్యములున్నవి. నన్నయకు నూరేండ్ల ముందటి మాట ఇది. ఒకే యింట అన్న ఒక భాషలో కావ్యము వ్రాయగా తమ్ముడు మూడు భాషలలో శాసనము వేయించెననగా, ఈ నేల మొదటినుండియు ఒక్క భాషతో తృప్తిపడినది కాదని తెలియుచున్నది.

మంజీర బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమనుండి వచ్చును. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు, శివశరణులు వచనములు పలికిన కల్యాణ నగరము ఆ సీమలోనిదే. ఆ భక్తి తెలుగున పాల్కురికి సోమనాథుని చేతిలో ద్విపదయైనది. సోమనాథుని తెలుగు బసవపురాణమును భీమకవి 1369లో మరల కన్నడమునకు కొనిపోయెను. వచ్చినది మరియొక రూపమున తిరిగి వెళ్లినదన్నమాట. జనులు పాడుకొను తుమ్మెదపదములను, వెన్నెలపదములను, గొబ్బిపదములను సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున పేరుపేరున తలచుకొనియుండుట మన పాటల చరిత్రకు పెన్నిధి.

ఇక గోదావరి మాట. పైఠణమున పదునారవ శతాబ్దమున ఏకనాథుడు భారూడులను నాటకపు పోకడగల పాటలను కూర్చెను. ఆ నదియే నాందేడు మీదుగా కందకుర్తికి దిగివచ్చును. నీటితోబాటు భజనయు దిగివచ్చినది. ఏకాదశినాడు చిడతలు, మృదంగము పట్టి పాండురంగని పేర పాడు భజనబృందములు ఈ సరిహద్దు గ్రామములలో తెలుగువారివో మరాఠీవారివో తేల్చుట కష్టము, పాడువారే తేల్చుకొనలేదు. పల్లవి మరాఠీ, చరణము తెలుగు, నడుమ మాట ఉర్దూ అయినను వినువారికి ఎబ్బెట్టు తోచదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజ్యమును భాషలనుబట్టి విభజించి నాందేడును బొంబాయి రాష్ట్రమునకు, బీదరును మైసూరునకు, నిజామాబాదును ఆంధ్రప్రదేశమునకు చేర్చినపుడు పటముపై గీతలు పడినవి గాని భజనలు మాత్రము నదిని దాటుట మానలేదు.

ఈ ప్రవాహములన్నియు ఒక్కచోట కలిసి మేళముగా నిలిచినది చిందు భాగవతమున. చిందువారు మాదిగలను ఆశ్రయించి జీవించు కళావంతులు. ఏ కుటుంబము ఏ గ్రామములలో ఆడవలెనో వంశపారంపర్యముగ హక్కు నిర్ణయమై యుండును. ఆ హక్కుననుసరించి ఏటేట పోయి ఆడి, గింజలు, పైకము తెచ్చుకొందురు. కులమునకు మూలకథయైన జాంబపురాణమును, గోసంగి వేషమును, ఎల్లమ్మ వేషమును ప్రదర్శించుట వారి విధి. ఆ పిమ్మట ఊరివారు కోరిన యక్షగానము ఆడుదురు. ఎల్లమ్మ యనగా రేణుక. పరశురాముని గొడ్డలికి వెరచి మాదిగవాడలో దాగిన ఆ తల్లికి ప్రధానపీఠము నాందేడు జిల్లా మాహూరు. ఇందూరు (నిజామాబాదు) సీమలో మావురాల ఎల్లమ్మ యని మ్రొక్కు జనులకు ఆమె మరాఠీ దేశపు దేవతయను స్పృహయే లేదు.

ప్రదర్శనమునాటి సాయంకాలము ఆటగాండ్రు అర్దళము నూరి ముఖమునకు పూసికొని, తేలికయైన పొనికి చెక్కతో చేసి అద్దపు బిళ్లలు తాపిన కిరీటములు, భుజకీర్తులు కట్టుకొందురు. మద్దెల ఒకవైపు, తాళములు ఒకవైపు, హార్మోనియము నడుమ. వేషగాడు దరువునెత్తుకొని గజ్జెలు ఘల్లుమన చిందువేయుచు పాదమును ముగించునంతలో, వెనుకనున్న వంతపాటవారు కడపటి మాటను అందుకొని హెచ్చుస్థాయిలో సాగదీయుదురు. ఆ సందున అతడు ఊపిరి తీసికొనును, అడుగు మార్చును, రాబోవు చరణమును తలచుకొనును. రాత్రి తెల్లవార్లు గొంతు నిలుచుటకు ఇదియే రహస్యము. చెర్విరాల భాగయ్య వంటివారు కూర్చిన యక్షగానములు సికింద్రాబాదులో కొండా శంకరయ్య అచ్చువేసిన చవుకధర పుస్తకములై పల్లెలకు చేరగా, అక్షరము వచ్చిన యొకడు చదువ, తక్కినవారు విని కంఠస్థము చేయుచుండిరి. గ్రామఫోను రికార్డు చేయు పనిని ఆ పలుచని పుస్తకము ముందే చేసినది.

ఈ కళలో స్త్రీలు స్త్రీవేషములనేగాక పురుషవేషములను గూడ ధరింతురు. కూచిపూడిలో సత్యభామ వేషము సైతము పురుషునిదైయుండగా, ఇచట దళితస్త్రీ కిరీటము పెట్టుకొని రాజై నిలిచినది. పండితులు ఈ భేదమును ఆలస్యముగా గుర్తించిరి. బోధను ప్రాంతపు అమ్దాపూరున నివసించిన చిందుల ఎల్లమ్మగారు ఆ పరంపరకు ముకుటము వంటివారు. చిన్ననాట కాలికి కట్టిన గజ్జెను వార్ధక్యము వరకు విడువక, 2005లో ఆమె కన్నుమూయునాటికి చిందు భాగవతము రాజధాని వేదికలకు కూడ తెలిసినదయ్యెను.

హార్మోనియము ఈ మేళములోనికి ఎట్లు వచ్చినది? అది విదేశపు పెట్టె. బొంబాయి, ధారవాడ నాటక సమాజములు దానిని వేదికపైకి తెచ్చినవి. వాటిని చూచి తెలుగు పద్యనాటకమువారు స్వీకరించిరి. ఇరువదవ శతాబ్దారంభమున హైదరాబాదునుండి మన్మాడునకు మీటరుగేజి రైలుమార్గము నిజామాబాదు, బాసర, నాందేడుల మీదుగా పడిన తరువాత వాద్యములును, మట్లును ప్రయాణము చేయుట సులభమైనది. అంతకు మించిన మార్పు నీటివలన కలిగినది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీరను నిలువరించి 2,75,000 ఎకరములకు నీరిచ్చు లక్ష్యముతో కాలువలు త్రవ్వించెను. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, క్యాంపులని పిలువబడు ఊళ్లు కట్టిరి. చెరకు పండినది, 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, బోధను ప్రక్కన శక్కర్‌నగరను పట్టణము లేచినది. ఆసియాఖండమున పెద్దదని ఆ కాలమున చెప్పుకొనిన ఆ మిల్లు సైరను మ్రోగగా తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ మాటలాడు కార్మికులు ఒక్క ద్వారమున లోనికి పోవుచుండిరి.

వీరందరికి సాయంకాలములున్నవి గదా! క్యాంపులలో పద్యనాటకములు, బస్తీలో కవ్వాలీ, తండాలలో తీజ్ పాటలు, వాడలలో చిందు, ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీల పాటలు, వీటన్నిటిపై పెండ్లి బ్యాండుమేళపు బాకా. దండు పటాలములనుండి వచ్చిన ఆ బాకాను డోలును చేతబట్టి సినిమాపాటను ఊరేగింపు నడకకు మలచిన బ్యాండువారిని సంగీతజ్ఞులు చిన్నచూపు చూచిరి. నా దృష్టిలో వారు గొప్ప అనువాదకులు. మూడు నిమిషముల పాటను అర్ధగంట సాగదీసి, పెండ్లికొడుకు గుఱ్ఱము అడుగునకు అడుగు కలుపుట సామాన్యవిద్య కాదు.

శుద్ధ జానపదమును వెదకువారు ఇచట నిరాశపడుదురు. ఈ సీమలో శుద్ధమైనది ఏదియు లేదు, ఉండనవసరమును లేదు. ఉద్యమములు కూడ ఈ కలగలుపునే వాడుకొన్నవి. 1940 దశకమున నల్లగొండలో సుద్దాల హనుమంతు వీధిభాగవతమును, గొల్లసుద్దులను పోరాటగీతములుగా మార్చెను. ఆ దశకముననే దాశరథి ఇందూరు ఖిల్లా చెరసాలలో గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. 1972లో ఏర్పడిన జననాట్యమండలి గొంగడిని, కాలిగజ్జెను, కఱ్ఱను వేదిక మీదికి తెచ్చినది. ఆ వేషము గద్దరుతో లోకప్రసిద్ధమైనది. 2002లో తెలంగాణ ధూంధాం మొదటిసారిగా నాటి నిజామాబాదు జిల్లాలోని కామారెడ్డిలో జరిగినది. రాజకీయసభయు, జాతరయు, పాటకచేరియు ఏకమైన ఆ రూపము పిమ్మట పదేండ్లు తెలంగాణమంతయు వ్యాపించెను.

ఇట్టి నేలపై నేటి బ్యాండులు నిలిచియున్నవి. హైదరాబాదున వెలసిన చౌరస్తా బృందము జమైకా దేశపు రెగే నడకకు తెలుగు పల్లెమాటను పొదిగి పాడినది. ఆ బృందమున పాడిన రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు చిత్రమున పాడి ఇంటింటికి తెలిసినవాడయ్యెను. 2017నాటి ఫిదా చిత్రము కథ బాన్సువాడలో జరుగును. అందులో ఊరు ఊరంతయు పాడుకొనిన పాటను వ్రాసినవారు హనుమంతు కుమారుడు సుద్దాల అశోక్ తేజ. పన్నెండు మెట్ల కిన్నెర మీటు దర్శనం మొగులయ్య భీమ్లా నాయక్ పాటతో లోకమునకు తెలిసి, 2022లో పద్మశ్రీని అందుకొనెను. జమైకా లయను తెచ్చుట తప్పని కొందరు పెద్దలందురు. హార్మోనియము తెచ్చిన తాతలను తప్పుపట్టనివారు గిటారు తెచ్చిన మనుమలను ఏల తప్పుపట్టవలెను?

తప్పు వేరొకచోట కలదు. యక్షగాన కర్తలు గ్రంథమున తమ పేరు, ఊరు, గురువు పేరు చెప్పుకొనుట పరిపాటి. ఏ పాట ఎవరిదో ప్రేక్షకునికి తెలియుచుండెను. నేడు ఫోనులో వినబడు పాటక్రింద ‘జానపదము’ అని యొక మాట వ్రాసి ఊరకుందురు. ఆ బాణీ చిందుమేళపుదా, బీడీలు చుట్టు అమ్మదా, బ్యాండు బాకావానిదా ఎవ్వరికిని తెలియదు; రొక్కము వచ్చినచో అది వారికి చేరదు. శక్కర్‌నగరు మిల్లు 2015 డిసెంబరులో మూతపడినపుడు కార్మికులు తమ బకాయిలకొరకు ఎన్నో దినములు దీక్షలు చేసిరి. పాట ఇచ్చినవారికి అట్లు కూర్చుండుటకు ఒక ద్వారమైనను లేదు.

కావున క్రొత్తగా బ్యాండు కట్టుచున్న యువకులకు నా మనవి యొక్కటే: కందకుర్తినుండి బోధను వరకు గల ఊళ్లలో చిందు కుటుంబములింకను ఉన్నవి, ఒక రాత్రి వారి ఆట సాంతము కూర్చుండి వినుడు, కూలి ముందుగా చెల్లించుడు, వారి బాణీ తీసికొన్నచో పాటక్రింద వారి పేరును ఊరును వ్రాయుడు.