ఇనుప డ్రమ్ముతో పొగ పొయ్యి: తయారీ, వాడకం, జాగ్రత్తలు

బక్రీద్ వచ్చిందంటే ఇంట్లో సీకు కబాబ్ నిప్పులు రాజుకుంటాయి. నిప్పుల మీద నిమిషాల్లో కాల్చడం మనకు తెలిసిన పనే. మాంసాన్ని గంటల తరబడి సన్న సెగ మీద, పొగలో మగ్గబెట్టడం వేరు. తొడ, భుజం లాంటి గట్టి ముక్కలు ఎముక నుంచి ఊడి వచ్చేంత మెత్తబడతాయి. దీనికి కావాల్సిన పొయ్యిని దగ్గర్లోని వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. కానీ డ్రమ్ము ఎంపికలో పొరపాటు చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

ఏ డ్రమ్ము తీసుకోవాలి?

200 లీటర్ల ఇనుప డ్రమ్ము, మూత పూర్తిగా ఊడి వచ్చే రకం మంచిది. దాని ఎత్తు సుమారు 35 అంగుళాలు, వెడల్పు 23 అంగుళాలు ఉంటుంది. వంటనూనె, పండ్ల గుజ్జు లాంటి తినే సరుకు పోసినదే కొనండి. నెల్లూరు జిల్లాలో పొలాలు, రొయ్యల చెరువులు ఎక్కువ. పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము చవగ్గా వచ్చినా వద్దు. పెట్రోలు, థిన్నర్ డ్రమ్ము ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, గ్రైండర్ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. జింకు పూత వేసినది కూడా పనికిరాదు. ఆ పూత కాలిన పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి.

తయారీ

1. ముందు మూత తీసి, వేడి సబ్బునీళ్లతో బాగా కడగండి.
2. అడుగు నుంచి 2 అంగుళాల ఎత్తులో చుట్టూ 4 గాలి రంధ్రాలు, ఒక్కోటి ముప్పావు అంగుళం. ఒకదానికి ఇనుప పైపు, వాల్వు బిగించి, మిగతావాటికి ఇనుప మూతలు పెట్టించండి.
3. చిల్లుల రేకుతో 14 అంగుళాల వెడల్పున బొగ్గుల బుట్ట చేయించండి. బూడిద కిందికి రాలేలా 3 అంగుళాల కాళ్లు ఉండాలి.
4. బుట్ట అడుగుకు 24 అంగుళాల పైన, నాలుగు స్టీలు బోల్టుల మీద స్టీలు ఊచల జాలీ.
5. మూతకు 2 అంగుళాల పొగ గొట్టం. జాలీ ఎత్తులో ఒక థర్మామీటర్.
6. లోపల కట్టెలతో పెద్ద మంట వేసి పాత రంగు, పూత పూర్తిగా కాల్చేయండి. వైర్ బ్రష్‌తో రుద్ది, వంటనూనె పూసి, 2 గంటలు ఖాళీగా వేడి చేయండి.

బొగ్గు, కట్టె

మన ఊళ్లలో కంపగా పెరిగే చిల్ల చెట్టు, అంటే సర్కారు తుమ్మ, అమెరికాలో మాంసానికి పొగ పెట్టే మెస్కీట్ చెట్టుకు దగ్గరి చుట్టం. దాని బొగ్గు సెగ చాలాసేపు నిలుస్తుంది. వాసన కోసం ఎండిన జామ, మామిడి ముక్కలు రెండు మూడు చాలు. వేప చేదు ఇస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలు వద్దు.

వంట

బుట్ట నింపి, పైన కొన్ని బొగ్గులే రాజేయండి. వేడి 110 డిగ్రీల సెల్సియస్ దాటగానే గాలి రంధ్రాలు ఒక్కొక్కటిగా మూయండి. దట్టమైన తెల్ల పొగ పోయి పల్చబడ్డాకే మాంసం పెట్టాలి. మేక తొడకు 4 నుంచి 5 గంటలు పట్టవచ్చు, లోపల 90 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. కోడి లోపల 74, పండుగప్ప లాంటి చేప 63 డిగ్రీలకు చేరాలి.

మరిచిపోకూడనివి

బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గదిలో, మూసిన షెడ్డులో, కారు షెడ్డులో వాడితే మనిషి తెలియకుండానే స్పృహ తప్పి చనిపోవచ్చు. వాన వచ్చినా డ్రమ్మును లోపలికి తేవద్దు. పని అయ్యాక రంధ్రాలన్నీ మూస్తే నిప్పు ఆరుతుంది, అయినా తెల్లారేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పొగ పట్టిన మాంసం బయట నిల్వ ఉంటుందనుకోవడం పొరపాటు. పచ్చిదైనా వండినదైనా ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. బంధువులకు, పేదలకు పంచే వాటా ముందే పంచేసి, మన వాటాతో నిదానంగా డ్రమ్ము దగ్గర కూర్చుంటే దావత్ బాగుంటుంది.